ఎదురు చెప్పని ఊరు

మద్రాసు
10-6-1984

మారెక్కకు,

నీ జాబు వస్తుందేమోనని నెల్లాళ్ళు చూసినాను. రాకపోయేసరికి నేనే కలం పట్టినాను. బావ ఊర్లోనే ఉన్నాడా, గొర్రెలు తోలుకొని పోయినాడా?

నేను పనిచేసే మాసపత్రికలో నా జానపద కథ సీరియల్‌గా వేస్తున్నారని చెప్పినాను కదా. పగలంతా ఇతరుల రాతల్లో అచ్చుతప్పులు దిద్దుతూ, మిగిలిన పొద్దులో రాసుకున్న కథ అది. ఒక మాంత్రికుడు ఒక కర్ర చేస్తాడు. పేరు మాటకోల. అది చేతిలో ఉంటే నువ్వు ఏం చెప్పినా ఎదుటివాడు కాదనలేడు. దానికోసం ముగ్గురు రాజులు కొట్టుకొని చచ్చినారు. చివరికి అది దాసన్న అనే గొర్రెల కాపరికి దొరుకుతుంది. వాడు దాన్ని వాడుకోకుండా సముద్రంలో పారేయడానికి బయలుదేరతాడు.

ఇక్కడే వచ్చింది తంటా. మా సంపాదకుడుగారు పిలిచి, "ఏమయ్యా రామాంజులూ, వాడు ఆకలితో ఉన్నాడు, చేతిలో అంత శక్తి ఉంది, ఎందుకు వాడుకోడు? పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు, నమ్మడం లేదు" అన్నాడు. దాసన్న శాపం తగిలి కాపరి ఇంట పెరుగుతున్న రాజకుమారుడని రాసెయ్యమన్నాడు. రాజరక్తం కాబట్టి ఆశ లేదట! నాకు ఒళ్ళు మండింది. ముగ్గురు రాజులు దాన్ని పట్టుకొనే కదా చెడిపోయింది!

కానీ అక్కా, ఆయనకు చెప్పడానికి నా దగ్గర కూడా కారణం లేదు. వాడు మంచివాడు కాబట్టి అంటే నాకే చప్పగా ఉంది. మీరు గొర్రెలు కాసినవాళ్ళు. దాసన్న ఎందుకు వద్దంటాడో నువ్వు చెప్పు.

నీ తమ్ముడు
రామాంజులు

* * *

బూదిగుట్టపల్లె
ఉరవకొండ దగ్గర
28-6-1984

తమ్ముడు రామాంజీకి మారెక్క రాసేది.

వాన లేదు. మీ బావ తిమ్మన్న గొర్రెలు తోలుకొని తుంగభద్ర కాలువ దిక్కు పోయి రెండు నెల్లాయ. నేనొక్కదాన్నే ఉండా. పొద్దున కూలికి పోతా, పని ఉంటే. లేకుంటే నీళ్ళకు పోతా. నీళ్ళకు పోతే ఆ పొద్దు దానికే సరి. ఇట్లాంటప్పుడు దాసన్న ఎందుకు వద్దన్నాడు అని నువ్వు అడుగుతాండావు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్లేదు.

నీ దాసన్నకు గొర్రెలెన్ని? వాడు కట్టె పట్టుకొని సముద్రానికి పోతే వాటికి నీళ్ళెవరు తాపుతాండారు? అది రాయి ముందు. నువ్వు పంపిన పుస్తకంలో మొదటి పేజీలో గొర్రెలుండాయి, మూడో పేజీకి లేవు. ఏమైనాయప్పా అవి?

ఇంక విశేషాలేం లేవు. పాపన్న చేన్లో బోరు పడింది. నీళ్ళు బాగా వచ్చినాయి. అంతే.

వేళకు తిను. హోటల్లో కారం ఎక్కువ తినొద్దు.

మారెక్క

* * *

మద్రాసు
19-8-1984

అక్కా,

"ఇంక విశేషాలేం లేవు" అని రాసినావే, ఎట్ల రాయబుద్ధయింది నీకు?

మన ఊరి యేసన్న ఇక్కడ కట్టడం పనికి వచ్చినాడు. నన్ను వెతుక్కొని వచ్చి, నిలబడి దండం పెట్టినాడు. నాకు! "మీ అక్క వేలు చూపించిన తావల్లా నీళ్ళే. అమ్మోరు ఆమె నోట్లో కూచోనుండాది. పాపన్న పందిరేసి కూచోబెట్టినాడు. ఉరవకొండ నుంచి కూడా బండ్లు కట్టుకొని వస్తాండారు" అన్నాడు. నేను నోరు తెరుచుకొని విన్నాను. సొంత అక్క సంగతి కట్టడం కూలీ చెబితే తెలియాలా నాకు?

గొర్రెలకు నీళ్ళెవరు పెట్టినారని నన్ను నిలదీసినావు. ఊరంతా నీ కాళ్ళకు మొక్కుతున్న మాట మాత్రం దాచినావు. నిజం రాయి. నిజంగా నీకేదైనా తెలుస్తుందా?

సంపాదకుడుగారు నా కొత్త భాగం తిప్పి పంపినాడు. "కారణం ఏది?" అని ఎర్రసిరాతో రాసి.

రామాంజులు

* * *

బూదిగుట్టపల్లె
4-9-1984

రామాంజీ,

దాచిన మాట నిజమే. సిగ్గయింది.

జరిగింది చెప్తా. పాపన్న చేన్లో బోరు బండి రెండు తావుల్లో పొడిచింది, దుమ్మే లేచింది. నేను కట్టెలమోపు ఎత్తుకొని ఆ పక్కనే పోతాంటి. ఆయప్ప బండోళ్ళను తిడతాండాడు. ఆ రేగిచెట్టు కింద చెదలపుట్ట ఉండాది చూడు, ఆడ పొడవండప్పా, ఎందుకు అరుస్తారు అంటి. మన నాయన బాయిలు తవ్వేటప్పుడు చెప్తాండె కదా, రేగిచెట్టూ చెదలపుట్టా ఒకే తావున ఉంటే కింద తడి ఉంటాదని. అంతకు మించి ఏం లేదు. మోపు బరువై విసుగొచ్చి అన్న మాట. నూటయాభై అడుగులకు నీళ్ళు ఎగజిమ్మినాయి.

ఇంకో ఇద్దరు పిలిస్తే పోయినా. వాళ్ళకూ పడింది. అంతే, పాపన్న వచ్చి మెడలో పూలదండేసి, కుంకుమ పెట్టి, పందిరి కింద కూచోబెట్టినాడు. బోరు బండి ఆయప్పే పిలిపిస్తాడు. నేను తావు చూపిస్తే బండికి పని, ఆయప్పకు నాలుగు రూపాయలు. అది నాకు తెల్సు.

నీతో అబద్ధం చెప్పను. మొదటి నాడు అంతమంది నా దిక్కే చూస్తా నోరు మూసుకొని నిలబడితే, బాగున్నింది తమ్ముడూ. కూలికి పోతే ఎండలో నిలబెట్టి మాట్లాడేవాళ్ళు, నేను దగ్గితే మంచినీళ్ళు తెచ్చిరి. నేను చెప్పింది ఎవురూ కాదనలేదు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. ఊరి బయట కింది గేరి వాళ్ళను పాపన్న అంటని తన బాయి దగ్గరికి రానియ్యడు కదా. ఓబులమ్మా వాళ్ళు ఎండలో రెండు మైళ్ళు పోయి వంకలో చెలమ తోడుకొని వస్తాండ్రి. నేను కండ్లు మూసుకొని, "కింది గేరి కడవలు నీ బాయిలో మునిగితేనే నీకు నీళ్ళు నిలుస్తాయి పాపన్నా" అంటి. అమ్మోరు చెప్పినట్టు అంటి. ఆయప్ప మొగం నల్లగయింది. కానీ కాదనలేదు. మరుసటి పొద్దున ఓబులమ్మ ఆ బాయిలో కడవ ముంచింది. నలభై ఏండ్లలో మొదటిసారి.

అది నాటకమే. తప్పా?

మారెక్క

* * *

మద్రాసు
17-9-1984

అక్కా,

తప్పు? ఎవరన్నారు తప్పని? నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. గదిలో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టినాను. మనం పుట్టినప్పటి నుంచి ఎంతమంది అర్జీలు పెట్టినారు, ఎంతమంది పెద్దమనుషులు వచ్చి మాట్లాడి పోయినారు? నువ్వు కండ్లు మూసుకొని ఒక్క మాట అన్నావు, అయిపోయింది.

దాన్ని వదలొద్దు. మొహమాటపడొద్దు. బడికి అయ్యవారు నెలకు నాలుగు నాళ్ళే వస్తాడని యేసన్న చెప్పినాడు, ఆయన్నూ పిలిపించి చెప్పు. పెన్నహోబిలం రోడ్డు దాకా కంకర వెయ్యమని పంచాయతీ ప్రెసిడెంటుకు చెప్పు. కింది గేరికే ఒక బోరు వేయించు. నీ చేతిలో ఉంటే మంచికే వాడతావు. పాపన్న చేతికి పోతే ఏమవుతుందో నీకే తెలుసు.

నా దాసన్న మూర్ఖుడని ఇప్పుడు అనిపిస్తాంది. సంపాదకుడు అడిగిన ప్రశ్న సరైందే. సముద్రంలో ఎందుకు పారెయ్యాలి, నాలుగు ఊర్లు బాగుచేసి పారెయ్యొచ్చు కదా?

రామాంజులు

* * *

బూదిగుట్టపల్లె
11-11-1984

రామాంజీ,

బయ్యన్న తెల్సు కదా నీకు. మన చేని పక్క చేను. నవ్వితే దగ్గొస్తాది ఆయప్పకు. ఎవురితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

దసరా అయినాక వచ్చినాడు. పందిరి దగ్గరికి రాలేదు, నేను ఇంటికి పోతాంటే దోవలో నిలబడి అడిగినాడు. "అక్కా, నా చేన్లో పడతాదా?" అని. చేను కొస నుంచి కొసకు నడిచి చూస్తి. రేగిచెట్టు లేదు, పుట్ట లేదు. ఉత్త సుద్దరాయి. నాకేం తెల్లేదు. నాకు తెల్దప్పా అనాల. నోట్లోకి వచ్చింది కూడా. కానీ వెనకాల పదిమంది నిలబడి చూస్తాండారు, పాపన్న ఉండాడు. రెండు నెల్లుగా ఆ మాట నేను ఎవురితోనూ అనలేదు తమ్ముడూ. అనడానికి నోరు తిరగలేదు. వేపచెట్టు పక్కన ఒక తావు చూపిస్తి.

బయ్యన్న కాడెద్దుల్ని అమ్మి బోరు వేయించినాడు. రెండొందల ముప్ఫై అడుగులు. దుమ్ము. పిండి మాదిరి తెల్లగా. ఆయప్ప తలమీదా, మీసాల మీదా పడింది. తుడుచుకోను కూడా లేదు.

తిట్టింటే బాగుండు. తిట్టలేదు. వచ్చి నా ముందర చేతులు కట్టుకొని, "నా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పమ్మా, దండుగ కట్టుకుంటా" అన్నాడు. నేను చేసిన తప్పుకు ఆయప్ప దండుగ కడతాడంట! జనం కూడా అదే. బయ్యన్న ఇంట్లో మైల ఉందేమో, మొక్కు మర్చిపోయినాడేమో అంటాండారు. ఎద్దులు పోయిన మనిషినే దొంగను చేసినారు. నా మాట మాత్రం తప్పు కాదంట.

నాకు అన్నం పోలేదు రామాంజీ. నీకేమో అయ్యవారికి చెప్పు, ప్రెసిడెంటుకు చెప్పు అని రాయడానికి బాగుండాది.

మారెక్క

* * *

మద్రాసు
26-11-1984

అక్కా,

బయ్యన్న సంగతి చదివి బాధపడినాను. కానీ నువ్వు తొందరపడొద్దు. భూమి లోపల ఏముందో దేవుడికి తప్ప ఎవరికి తెలుసు? పెద్ద చదువులు చదివినవాళ్ళు మిషన్లు పెట్టి చూపించిన బోర్లు కూడా ఎండిపోతాయి. నువ్విప్పుడు నాకేమీ తెలియదని చాటింపు వేస్తే పాపన్న మొదట చేసే పని కింది గేరి కడవల్ని తరమడం. బయ్యన్న ఎద్దులు పోయినాయి సరే, ఓబులమ్మ నీళ్ళు కూడా పోగొడతావా? ఊరకే ఉండు. తావులు చూపించడం మానెయ్యి, ఏదో వ్రతమని చెప్పు. పందిరి మాత్రం వదలొద్దు.

ఇంకో సంగతి. పత్రిక నీకు చేరేలోపు నేనే చెబుతాను. దాసన్నను రాజకుమారుణ్ణి చేసినాను. భుజం మీద పుట్టుమచ్చ పెట్టినాను. సీరియల్ ఆపేస్తానన్నారు, ఏం చెయ్యమంటావు? నా పేరు అచ్చులో రావడం ఇదే మొదలు.

రామాంజులు

* * *

బూదిగుట్టపల్లె
20-1-1985

రామాంజులుకు,

నీ జాబు చదివి చింపి పొయ్యిలో వేస్తి. మళ్ళీ రాద్దామనిపించలేదు. ఇప్పుడు రాస్తాండా, నీకు తెలియాల కాబట్టి.

పందిరి దగ్గర నిలబడి చెప్పినా. నాకు అమ్మోరు లేదు, గిమ్మోరు లేదు, చెదలపుట్టను చూసి చెప్పినా, బయ్యన్న చేన్లో నాకేం తెల్లేదు, తెలీకుండానే చూపించినా అని. ఏమయిందో తెల్సా? అందరూ ఇంకా వంగి మొక్కిరి. "అమ్మోరు మనల్ని పరీక్ష పెడతాండాది" అని ఒక ముసలామె ఏడ్చింది. నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది. అవునన్నా మొక్కుతారు, కాదన్నా మొక్కుతారు. ఎట్ల వదిలించుకోవాల దీన్ని? నీ దాసన్నకన్నా పారెయ్యడానికి చేతిలో కట్టె ఉండాది.

అప్పుడు ఒక పని చేస్తి. తావు చూపించమని ఎవురొచ్చినా, రా పోదాం అని బయ్యన్న బోరు దగ్గరికి పిలుచుకొని పోతి. మూతకు పెట్టిన బండ జరిపి, చేతికి గులకరాయి ఇచ్చి, వెయ్యి అంటి. చెవి పెట్టి విను అంటి. రాయి గోడలకు తగులుకుంటా పోతాది, పోతాది, కిందెక్కడో టక్కుమంటాది. నీళ్ళ చప్పుడు లేదు. "ఇది నేను చూపించిన తావు. నా మాటమీద ఈ మనిషి ఎద్దులమ్మినాడు. ఇప్పుడు నీ చేనుకు పోదామా?" అంటి. మొదటి నాడు తొమ్మిదిమందికి చూపిస్తి. ఇరవై నాళ్ళు అదే పని. కొందరు నన్ను తిట్టిరి. దూరం నుంచి వచ్చిన ఒకాయప్ప నా మీద ఉమ్మేసి పోయినాడు. తుడుచుకొని ఇంకొకరి చేతికి రాయి ఇస్తి. సంక్రాంతి లోపల ఎవురూ రావడం మానేసిరి. పాపన్న పందిరి పీకించినాడు.

నువ్వు చెప్పినట్టే కింది గేరి కడవల్ని కూడా తరిమినాడు. ఓబులమ్మ నా ఇంటి ముందుకొచ్చి నిలబడి అడిగింది. "నీకేం పోయిందే మారెక్కా? రోంతసేపు నోరు మూసుకొని కూచోనింటే మా బిడ్డలు నీళ్ళు తాగుతాండ్రి కదా. నీ మనసు కడుక్కోడానికి మా నీళ్ళే దొరికినాయా నీకు?" అంది. ఆమె చెప్పింది నిజమే.

నువ్వు అడిగినావు కదా, దాసన్న ఎందుకు వద్దంటాడని. మంచోడు కాబట్టి కాదు. మేమేం మంచోళ్ళం కాదు, నేను రెండు నెల్లు ఆశపడి కూచోన్లేదా? మేము పుట్టినప్పటి నుంచి మాట వినని వాటితోనే బతుకుతాండాం. వాన వినదు. గొర్రె వినదు. నేల అసలే వినదు. అన్నీ వింటాండాయంటే, యాడనో మోసం ఉండాదని మాకు కడుపులో తెలుస్తాది. రోంత ఆలస్యంగా తెలుస్తాది, అంతే. నాకు తెలిసేసరికి బయ్యన్న ఎద్దులు పోయినాయి. నీ దాసన్నకు గొర్రెలు పోయిన పొద్దు తెలుస్తాది. పుట్టుమచ్చ ఎందుకప్పా దానికి?

మారెక్క

* * *

మద్రాసు
8-3-1985

అక్కా,

నెలన్నరగా నీకు రాయడానికి మొహం లేకపోయింది.

నీ ఉత్తరం చదివినాక కూర్చొని ఒక భాగం రాసినాను. దాసన్న కర్ర పట్టుకొని ఒక ఊరికి మంచి చేస్తాడు. ఊరంతా సరే సరే అంటుంది. వాడు తప్పు చెప్పిన నాడు కూడా సరే అంటుంది. ఒక మనిషి ఆ తప్పుకు బలైపోయి, వచ్చి వాడికే క్షమాపణ చెబుతాడు. అప్పుడు వాడికి భయం పుడుతుంది. పుట్టుమచ్చ ఉత్త మసి అని కూడా రాసినాను. జీవితంలో నేను రాసినవాటిల్లో అదొక్కటే బాగుందనిపించింది.

సంపాదకుడుగారు చదివి, కళ్ళజోడు తీసి, "బాగుందయ్యా" అన్నాడు. నిజంగానే అన్నాడు. "కానీ మనకు పనికిరాదు. పాఠకులు పట్టాభిషేకం కోసం చూస్తున్నారు" అన్నాడు. రాయనన్నాను. ఆయన కోపం కూడా పడలేదు. ఇంకొకాయనకు ఇచ్చి రాయించినాడు. దాసన్న సింహాసనమెక్కి, మాటకోలను రాజదండం చేసుకొని, ధర్మంగా పాలించినాడట. రాకుమారితో పెండ్లి కూడా.

ఆ పట్టాభిషేకంలో అచ్చుతప్పులు దిద్దింది నేనే. 'సుభిక్షంగా' అన్నచోట వత్తు పోయింటే పెట్టినాను. నా ఉద్యోగం అదే కదా.

పందిరి వదలొద్దని రాసిన తమ్ముడు కూడా పాపన్న పక్కనే నిలబడినట్టయింది. నన్ను తిట్టు. బయ్యన్న ఎట్లున్నాడు? ఓబులమ్మ మాట్లాడుతుందా?

రామాంజులు

* * *

బూదిగుట్టపల్లె
21-7-1985

రామాంజీ,

తిట్టడానికి తీరిక లేదు. వాన పడింది. రెండు పదునుల వాన. మీ బావ వచ్చినాడు. పోయినప్పుడు నలభై గొర్రెలు, వచ్చినప్పుడు ఇరవైయారు. మనిషి సగమైనాడు.

ఓబులమ్మ నాతో మాట్లాడదు. కానీ వాళ్ళు ఊరకే కూచోలేదు. నాలుగు నెల్లు తోడుకున్న బాయి కదా, మళ్ళా పోయిరి. ఈసారి అమ్మోరి పేరు లేదు, నా పేరు లేదు. ముప్ఫైమంది ఆడోళ్ళు కడవలు పెట్టుకొని బాయి గట్టున కూచోనిరి. పాపన్న అరిచినాడు, మోకు కోసినాడు. వాళ్ళు ఇంకో మోకు తెచ్చుకొనిరి. ఉరవకొండ నుంచి ఆఫీసర్లు జీపులో వచ్చి మాట్లాడి పోయిరి. ఇప్పుడు వారానికి మూడు నాళ్ళు తోడుకోనిస్తాడు. మిగతా నాళ్ళు వంకకే పోతాండారు. నేను పోయి కడవ పట్టబోతే ఓబులమ్మ నా చెయ్యి తోసేసింది. సరే అని వచ్చేస్తి.

బయ్యన్నకు ఎద్దుల్లేవు కదా. పై ఊరి తిరుపాలమ్మకు రెండు కాండ్ల ఎద్దులుండాయి. వాళ్ళ చేన్లో నేనూ మీ బావా ఎనిమిది నాళ్ళు పని చేసేటట్టు, రెండు నాళ్ళు ఎద్దులు బయ్యన్నకు ఇచ్చేటట్టు మాట్లాడుకొంటి. బయ్యన్నకు చెప్తే ముందర వద్దన్నాడు, ఇంకా "అమ్మా" అనే పిలుస్తాండాడు నన్ను. దాంతో నాకు చచ్చేంత విసుగు. బలవంతంగా ఎద్దుల్ని తోలుకొని పోయి చేన్లో నిలబెడితి.

ఆయప్ప విత్తే గొర్రు పట్టుకొన్నాడు, నేను వెనకాల చెనక్కాయ విత్తనాలు వేసేదానికి నిలబడితి. మట్టి పిడికిట్లోకి తీసుకొని చూస్తి. తడిగా ఉండాది, ఉండ కట్టలేదు. "బయ్యన్నా, పదును చాలదు, ఇంకో వాన చూసి ఏద్దాం" అంటి. ఆయప్ప వంగి మట్టి తీసుకొన్నాడు, నలిపి చూసినాడు. అయిపోయింది అనుకుంటి. ఇప్పుడు సరేనమ్మా అంటాడు, ఎద్దులు విప్పుతాడు, ఈ పొద్దు కూడా నా మాటే వింటాడు అని.

లేచి నిలబడి అరిచినాడు చూడు తమ్ముడూ! "ఏం పదును చాలదు? గొర్రెలు కాసేదానివి, నీకేం తెల్సు నా చేని సంగతి? ఇది సుద్దనేల, ఉండ కట్టేదాకా ఉంటే గింజ కుళ్ళిపోతాది. ఒకసారి నీ మాట విని ఎద్దులు పోగొట్టుకుంటి, ఇంకోసారి వింటే విత్తనాలూ పోతాయి. నోరు మూసుకొని గింజలెయ్యి మారెక్కా!" అన్నాడు. దగ్గొచ్చింది. దగ్గుకుంటానే ఇంకో రెండు తిట్టినాడు.

నేను ఊరకుంటానా? నాకూ తెల్సు సేద్యం, నువ్వు తొందరపడి ఏస్తాండావు అని నేనూ అరిస్తి. సాలు సాలుకూ కొట్లాడుకుంటా ఏసినాం. మీ బావ గట్టు మీద కూచోని నవ్వుతాండాడు.

ఎనిమిదో నాడు పోయి చూస్తి. ఒక్క గింజ పోకుండా మొలిచినాయి. బయ్యన్న ఆ మాట రచ్చకట్ట మీద కూచోని అందరికీ చెప్తాండాడు. "మారెక్క మాట వినింటే ఈ ఏడు మునిగింటిని" అని. అందరూ నా దిక్కు చూసి పకపకా నవ్విరి. చేతులు కట్టుకొని నిలబడినోళ్ళే, కడుపులు పట్టుకొని నవ్విరి.

నేను రుసరుసలాడుకుంటా ఇంటికొచ్చినా. తలుపేసుకొని, పొయ్యి ముందర కూచోని, నేనూ నవ్వుకొంటి.

మారెక్క